ముగ్గురినీ అడిగే మనిషి

మొన్న శుక్రవారం అరకు సంతలో పసుపు బేరమాడుతుంటే వెనక నుంచి ఎవరో "బాబూ" అని పిలిచారు. తిరిగి చూస్తే, మా పాత ఆస్పత్రికి కొండ మీది ఊరి నుంచి వస్తుండే ఆరోగ్య కార్యకర్త. జుట్టు నెరిసింది గానీ మనిషి అలాగే ఉంది. తట్ట దింపుకుని, నా పిల్లల గురించి, నా బదిలీల గురించి అడిగి, ఆ తర్వాత కొనడం మరిచిపోయిన సరుకేదో గుర్తొచ్చినట్టు, "మీ కిటికీకాడ ఒకడు కూకునీవోడు సూడు, ఆడు పోనాడు బాబూ" అంది.

"ఎప్పుడు?"

"వానల్లోనే."

"ఏమైంది?"

"జొరం."

"ఏ జ్వరం?" అన్నాను, ఉద్యోగం పెట్టిన అలవాటు కొద్దీ.

ఆమె నన్ను కాస్త జాలిగా చూసింది. "జొరవే బాబూ. ఏ జొరమో ఎవులికి తెల్సు? గెడ్డ పొంగుండిపోనాది. కిందకి దింపనేకపోనారు. ఇంటికాడే పోనాడు."

ఏ జ్వరమో తెలియకుండా ఆ కొండల్లో చాలామంది పోయారు. ఆ మాట విని ఆశ్చర్యపోయే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. కానీ ఈ మనిషి అలా పోవడం మాత్రం నోట్లో చేదు మాత్ర కరిగినట్టు అనిపించింది. తన ఇంట్లో జరిగిన చావులకు కారణం చెప్పమని ఏళ్ల తరబడి మా ఆస్పత్రి గుమ్మాలన్నీ పట్టుకు తిరిగినవాడు. చివరికి అతని చావు కారణం అడిగే నాథుడు కూడా లేడు.

పేరు రాయను. అతని కూతురు పాడేరులో చదువుకుంటోంది. ఎక్కడైనా చదివితే చదవవచ్చు.

తొంభైల నడిమి రోజుల్లో నేను అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలో ఒక చిన్న ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. బొబ్బిలి పక్క మైదానం నుంచి వెళ్లినవాణ్ణి. కొండ ఊళ్లలో జ్వరం వచ్చినవాళ్ల వేలి నుంచి చుక్క రక్తం తీసి, గాజు స్లైడు మీద పూసి, మలేరియా వర్కర్లు నా దగ్గరికి పంపేవారు. నేను వాటికి రంగు వేసి మైక్రోస్కోపులో చూసి, మలేరియా ఉందో లేదో రాయాలి. మైక్రోస్కోపు ఒక్కటే. స్లైడ్లు వానాకాలంలో బియ్యం బస్తాల్లా వచ్చి పడేవి. ఒక స్లైడు ఊళ్లో బయల్దేరి నా బల్ల మీదికి వచ్చేసరికి, ఆ రక్తం ఇచ్చినవాడు లేచి పొలానికైనా వెళ్లేవాడు, లేకపోతే వాణ్ణి మట్టిలోనైనా పెట్టేసేవారు. నేను రాసే జవాబు రెండు విధాలా ఎవరికీ అక్కర్లేనిదే.

అతను మొదట వచ్చింది భార్య దగ్గుకి మందు కోసం. సన్నటి మనిషి. కావడి మోసి మోసి కుడి భుజం ఒరుసుకుపోయి ఉండేది. మనం మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకి వంచి, నోరు కాస్త తెరిచి, చెవితో కాకుండా నోటితో వింటున్నట్టు వినేవాడు. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. అవి తిండికి ముందు వేసుకోవాలా, తర్వాత వేసుకోవాలా అని కాంపౌండరుని అడిగాడు. ముందన్నాడు కాంపౌండరు. బయటికి వచ్చి అదే మాట నర్సమ్మని అడిగాడు. తిన్నాకే వెయ్యాలంది ఆవిడ. చివరికి నా గదిలోకి వచ్చి నన్ను కూడా అడిగాడు. ఎప్పుడైనా పర్వాలేదన్నాను.

ముగ్గురి వంకా చూసి, కోపమేమీ లేకుండా, "ఐతే మీలో మీకే తెల్దన్నమాట" అన్నాడు.

"ఏరా, మాకే పరీక్ష పెడుతున్నావా?" అని కాంపౌండరు కసిరాడు. అతనికంటే కాంపౌండరు పదేళ్లు చిన్న. అక్కడ అందరం కొండవాళ్లని అలాగే పిలిచేవాళ్లం.

"నేదు బాబూ. మూడు దార్లు సూపించినారు, ఏ దారంట ఎల్లాలా అని."

తర్వాత కూడా ఎప్పుడు వచ్చినా అంతే. ఏ మాటైనా ముగ్గురినీ అడిగేవాడు. మూడు జవాబులూ ఒకటైతే తలూపి వెళ్లిపోయేవాడు. వేరువేరైతే మెట్ల మీద కూర్చుని ఆలోచించేవాడు. మా ఆస్పత్రిలో అతను తలూపి వెళ్లిన రోజులు తక్కువ.

అతని పెద్దకూతురు ఆశ్రమ పాఠశాలలో చదివేది. సెలవలకి ఇంటికొచ్చి జ్వరం పడింది. మలేరియా వర్కరు ఊళ్లోనే వేలు పొడిచి రక్తం తీసి స్లైడు తన డబ్బాలో పెట్టుకున్నాడు. జ్వరం తగ్గకపోతే డోలీ కట్టి పిల్లని కిందికి మోసుకొచ్చారు. డాక్టరు మాత్రలిచ్చాడు, ఒక సూది వేశాడు. మర్నాటికి పిల్ల లేచి కూర్చుని అంబలి తాగింది, బిస్కట్లు కావాలంది. అతను బిస్కట్లు కొని, డోలీ అక్కర్లేదని పిల్లని భుజాన వేసుకుని ఊరికి బయల్దేరాడు. గెడ్డ, అంటే కొండవాగు, దాటాక పిల్లకి ఫిట్స్ వచ్చాయి. ఇంటికి చేరేసరికి ఆ భుజం మీదే ప్రాణం పోయింది.

తర్వాతి సంతనాడు నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గాజుముక్క మీద నా గుంట నెత్తురుంది గదా బాబూ. దాంట్లో ఏటుందో సూసి సెప్పు."

వెతికాను. వర్కరు డబ్బా అప్పుడే వచ్చింది. నంబరు చూసి స్లైడు తీశాను. గాజు శుభ్రంగా ఉంది. అంచున ఒక సన్నటి గోధుమరంగు గీత, అంతే. వానాకాలంలో ఆలస్యమైన స్లైడ్లకి ఇది మామూలే. ఆరిన రక్తాన్ని చీమలు నాకేస్తాయి. దాచడం ఇష్టంలేక ఉన్నదున్నట్టు చెప్పాను.

"సీమలు తినీసినాయా?"

"తినేశాయి."

స్లైడుని వెలుగుకి పట్టుకుని చూశాడు. దానిలోంచి కిటికీ, కిటికీ అవతల వేప చెట్టూ స్పష్టంగా కనపడి ఉంటాయి. "ఐతే సీమలకి తెల్సన్నమాట" అన్నాడు.

పక్క గదిలో కాంపౌండరు నవ్వడం వినపడింది. అతను మాత్రం నవ్వుకోడానికి ఆ మాట అనలేదు.

ఆ రోజు కూడా ముగ్గురినీ అడిగాడు. మలేరియా తలకెక్కి ఉంటుందని డాక్టరు చెప్పాడు. మెదడువాపేమో అంది నర్సమ్మ. కాంపౌండరు దిష్టి తగిలిందేమో చూసుకోమన్నాడు. కాంపౌండరు అది వేళాకోళానికి అన్నాడని నాకు తెలుసు. అతనికి తెలుసో లేదో నాకు తెలియదు.

అప్పటినుంచి ప్రతి సంతకీ వచ్చి నా ల్యాబు కిటికీ కింద అరుగు మీద కూర్చునేవాడు. నేను స్లైడు మార్చినప్పుడల్లా తలెత్తి, "ఉందా?" అనేవాడు. నేను ఉందనో లేదనో చెప్పేవాణ్ణి. అది ఏ ఊరి స్లైడో అడిగేవాడు. బిడ్డ పోయిన మనిషికి ఇదో కాలక్షేపం అనుకున్నాను మొదట్లో. కాదు. అతను చూడడం నేర్చుకుంటున్నాడు. ఊళ్లో ఏ ఇంట్లో ఎవరు వణికారు, పొద్దున్నా సాయంత్రమా, అంతకుముందు ఆ ఇంటికి ఎవరొచ్చారు, ఏం తిన్నారు, ఏ పిట్ట అరిచింది, అన్నీ చూసేవాడు. ఒకప్పుడు చోడి చేనుకి కాపలా కాసినట్టు ఇప్పుడు ఊరికి కాపలా కాస్తున్నాడు. ఏది పనికొచ్చే గుర్తో తెలియనివాడు ఏ గుర్తునీ వదిలిపెట్టలేడు.

ఒకరోజు చెప్పాడు. "జొరం గెడ్డకాడిళ్లకే ముందు తగుల్తాది బాబూ. పైనిళ్లకి తరవాత. తొలకర్లకి ఒక పాలి, మళ్లా వలిసె పూసినప్పుడు ఒక పాలి."

వలిసె పూసేది చలికాలం మొదట్లో. ఇది మా శిక్షణలో చెప్పిన మాటే. ఎవరూ చెప్పకుండా అతను అక్కడికి చేరుకున్నందుకు నాకు సంతోషమేసింది. "సరిగ్గా చెప్పావు" అన్నాను.

ఆ సంతోషం ఎంతోసేపు ఉండనివ్వలేదు. అదే గొంతుతో, అదే నిదానంతో అన్నాడు: "గెడ్డకాడ మొదటిల్లు మా వదినది. అది మా ఇంటికి ఉప్పుకొచ్చిన మర్నాడే గుంటకి జొరం తగిలినాది. దానికి మట్టుకు జొరం రాదు."

వదిన అంటే చనిపోయిన అన్న భార్య. పిల్లల్లేరు. గెడ్డ ఒడ్డున ఒంటరిగా ఉండేది. ఎవరింట్లోనైనా జ్వరం అంటే వెళ్లి పలకరించే అలవాటు ఆమెకుంది. అడ్డాకులు కుడుతూ రోగి పక్కన కూర్చునేదట. అతను ఆ రాకపోకలు కూడా లెక్కలోకి తీసుకున్నాడు. గెడ్డ, వలిసెపూలు, వదిన, అన్నింటినీ ఒకే తక్కెడలో వేసి తూచాడు. ఎవరి తూకం ఎంతో అతనికి చెప్పగలిగింది మేమే. మా దగ్గర ఉన్న తూకం రాళ్లు చీమలు తిన్నాయి.

కొందరికి దోమలు కుట్టి కుట్టి ఒళ్లు అలవాటు పడిపోతుందని, వాళ్లకి జ్వరం పైకి కనపడదని చెప్పాను.

"అందరినీ దోమలు కుడతన్నాయి. దానికే ఏల అలవాటైనాది?"

నాకు తెలియదన్నాను. అతను తలూపాడు.

ఆ మరుసటి ఏడాది కొడుక్కి జ్వరం వచ్చింది. ఈసారి అతను మలేరియా వర్కరు కోసం ఆగలేదు. మొదటి వణుకుకే గుంటణ్ణి ఎత్తుకుని నా బల్ల ముందు నిలబెట్టాడు. నేనే రక్తం తీశాను. అప్పటికప్పుడు రంగు వేసి, అతను చూస్తుండగానే మైక్రోస్కోపు మీద వంగాను. స్లైడు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. మళ్లీ చూశాను.

"నేదా?" అన్నాడు.

"కనపడలేదు."

"నేదా, కనపడ్నేదా? ఏదో ఒకటి సెప్పు బాబూ."

"కనపడలేదు" అన్నాను మళ్లీ. అంతకు మించి ఏ మాట అన్నా అబద్ధమే అవుతుంది.

అప్పటికి డాక్టరు మారాడు. కొత్త డాక్టరు వైరల్ జ్వరం అని రాశాడు. వైరల్ అంటే ఏమిటని అడిగితే, దానంతట అదే వస్తుంది, దానంతట అదే పోతుంది అన్నాడు. నాలుగు రోజులకి పిల్లాడు ఇంట్లోనే పోయాడు. పాడేరు తీసుకెళ్దామని జీపు మాట్లాడేలోపే.

ఆ తర్వాత ఒక సంతనాడు అతను వచ్చేసరికి, వాళ్ల ఊరిదే ఒక స్లైడులో మలేరియా దొరికింది. నాకేమనిపించిందో, లోపలికి పిలిచి మైక్రోస్కోపు చూపించాను. ఒక కన్ను మూయడం అతనికి రాలేదు. అరచేత్తో కప్పుకుని చూశాడు.

"ఉంగరాల్లాగున్నాయి" అన్నాడు మెల్లగా.

"అవే. జ్వరం తెచ్చేవి అవే."

"నా పిల్లల నెత్తురులో ఉన్నాయా ఇవి?"

"అమ్మాయి రక్తంలో ఉండే ఉంటాయి. అబ్బాయి రక్తంలో నాకు కనపడలేదు."

కన్ను తియ్యకుండానే అడిగాడు: "ఈటిని ఎవులు పంపినారు?"

దోమ అన్నాను. ఆ దోమ ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఒకరి రక్తంలోంచి ఇంకొకరి రక్తంలోకి ఇది ఎలా వస్తుందో చెప్పాను. గోడ మీది బొమ్మ చూపించాను. శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక, "ఊరందర్నీ కుట్టినాది గదా బాబూ ఆ దోమ. నా ఇంట్లోనే ఇద్దరు ఏల పోనారు?" అన్నాడు.

అతను అడిగిందానికి నా మైక్రోస్కోపులో జవాబు లేదు. నన్ను నిలబెట్టి అడిగినా, డాక్టరుని అడిగినా, పై ఆఫీసరుని అడిగినా లేదు. జవాబు వాళ్ల ఊళ్లో ఉంది. ఊరి దిసారి, అంటే పూజలు చేసి నక్షత్రాలు చూసి చెప్పే పెద్ద, చేటలో బియ్యం పోసి చూసి ఒక్క పూటలో పేరు చెప్పేశాడు. మళ్లీ రమ్మనలేదు. కనపడలేదు అనలేదు. ఊళ్లో ముగ్గుర్ని అడిగినా అదే పేరు చెప్పారు. అతని జీవితంలో మొదటిసారి మూడు జవాబులూ కలిశాయి.

చిల్లంగి పెట్టే, చేతబడి చేసే మనిషికి పళ్లు ఊడగొడితే మంత్రం పలకదని వాళ్ల నమ్మకం. కొన్నాళ్లకి ఒక ఉదయం మా ఆస్పత్రికి అతని వదినని ఇద్దరు ఆడవాళ్లు నడిపించుకొచ్చారు. ముక్కు కింద నుంచి గడ్డం దాకా ముఖం ఉబ్బిపోయి ఉంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, కొంగంతా ఎర్రగా ఉంది. నర్సమ్మ కడుగుతూ ఏడ్చింది. చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నది మరిదేనని వచ్చిన ఆడవాళ్లలో ఒకామె నా చెవిలో చెప్పింది.

పోలీసులకి చెప్పమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మాట సరిగ్గా రావడం లేదు. "గెడ్డలో రాయి మీద పడ్డాను బాబూ. అలాగే రాసుకోండి." డాక్టరు అలాగే రాశాడు.

ఆమెకి ఒళ్లు వెచ్చగా లేదు. అయినా మా పద్ధతి ప్రకారం వేలి నుంచి చుక్క తీసి చూశాను. ఉంగరాలు ఉన్నాయి, చాలా ఉన్నాయి. జ్వరమనేదే ఎరగని ఆ మనిషి ఏళ్లుగా ఆ రోగాన్ని తనకి తెలియకుండా రక్తంలో మోస్తోంది. అలాంటివాళ్లు ఆ కొండల్లో ఊరికి కొందరుంటారు. దోమ వాళ్లని కుట్టి ఇంకొకరిని కుడుతుంది. అందులో ఆమె పాపం దోమ పాపమంత కూడా లేదు. కానీ ఆ మాట బయటికి వస్తే ఊరు ఏం వింటుందో నాకు తెలుసు. నర్సమ్మకి ఒక్కదానికే చెప్పి, మాత్రలు మింగించి పంపాం. గాయాలు మానగానే ఆమె పార్వతీపురం వైపు పుట్టింటివాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఊళ్లో ఆమె ఇల్లు పీకేశారు.

ఆ ఏడు ఆ ఊళ్లో జ్వరాలు రాలేదు. ఆ తర్వాతి ఏడూ రాలేదు. వానలు తక్కువ పడ్డాయి. ఊరంతా ఒప్పుకుని మొదటిసారి ఇళ్లలో దోమల మందు కొట్టనిచ్చారు. గెడ్డ ఒడ్డున మొదటి ఇల్లు, రక్తంలో రోగం మోసే మనిషితో సహా, లేకుండా పోయింది. వీటిలో ఏది పని చేసిందో, ఎంత చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఊరికి మాత్రం తెలుసు.

అతను కిటికీ దగ్గరికి రావడం మానేశాడు. సంతలో ఒకసారి కనపడ్డాడు. ఒళ్లు చేశాడు. జీలుగు కల్లు తాగి నలుగురితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"మా ఊర్లో జొరాల్నేవు బాబూ ఇప్పుడు."

"మందు కొట్టారు కదా. వానలు కూడా తక్కువే."

"అలాగేలే బాబూ" అన్నాడు. తల పక్కకి వంచలేదు, నోరు తెరవలేదు. నేను ఆకాశం ఆకుపచ్చగా ఉందన్నా అలాగేలే అనేలా ఉన్నాడు. మళ్లీ అడుగుతాడేమోనని ఆగాను. అడగలేదు. "నిద్ర పడతంది బాబూ ఇప్పుడు. గుంటకి పాలు తాపించి తొంగుంటే తెల్లారిందాకా తెల్దు" అన్నాడు. ముగ్గురు పిల్లల్లో మూడోది, చంటిది, ఒక్కతే మిగిలింది అతనికి.

నాకు ఒళ్లు మండింది. "ఆమె ఏమీ చెయ్యలేదు. నీకు తెలుసా ఆ మాట?" అన్నాను.

అతని ముఖంలో నవ్వు పోలేదు గానీ గట్టిపడింది. "మరెవులు సేసినారు? నువ్వు సెప్పు. ఆ పేరు ఒగ్గీసి నువ్వు సెప్పిన పేరు పట్టుకుంటాను."

"ఎవరూ చెయ్యలేదు."

"ఎవులూ సెయ్యకుండా ఇద్దరు పోనారా?" అని నా వంక చూసి, నా భుజం మీద చెయ్యి వేసి నన్నే ఓదార్చినట్టు తట్టి, తన గుంపులోకి వెళ్లిపోయాడు. నాకు తెలిసిన మనిషి ఆ గుంపులో లేడు. ప్రతి మాటనీ తిప్పి తిప్పి చూసే ఆ చూపు వదినతో పాటే ఊరు దాటిపోయింది. అంత దారుణం చేసినవాడు అంత హాయిగా ఉండటం నేను చూడలేకపోయాను. కానీ అతను అంతకుముందు ఎప్పుడూ అంత హాయిగా లేడన్నది కూడా నిజమే.

రెండు వేల సంవత్సరం దాటాక నేను వేరే చోటుకి బదిలీ అయి, మళ్లీ అదే ఆస్పత్రికి తిరిగొచ్చాను. వానలు గట్టిగా పడిన ఏడు అది. అతను పరుగున వచ్చాడు, చేతుల్లో ఆ మూడో కూతురు. ఏడెనిమిదేళ్ల పిల్ల. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"బేగి సూడు బాబూ, బేగి" అంటున్నాడు.

అప్పటికి కొత్త కిట్లు వచ్చాయి. చిన్న ప్లాస్టిక్ పలక మీద చుక్క రక్తం, చుక్క మందు. పావుగంటలో గీతలు వస్తాయి. ఒక గీతైతే లేదు, రెండైతే ఉంది. పలక బల్ల మీద పెట్టాను. అతను దాని మీదికి వంగాడు. తల పక్కకి వంగింది, నోరు కాస్త తెరుచుకుంది. అన్నేళ్ల తర్వాత ఆ చూపు మళ్లీ చూశాను. రెండో గీత ముందు గులాబీగా, తర్వాత ఎర్రగా లేచింది.

"ఇదేటి?"

"మలేరియా. తలకెక్కేది. ఇప్పుడే మందు మొదలుపెడదాం. తగ్గుతుంది."

ఎవరినీ మళ్లీ అడగలేదు. పిల్ల మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మూడోనాటికి జ్వరం దిగింది. పిల్ల లేచి నడుస్తుంటే చూస్తూ అరుగు మీద నా పక్కన కూర్చుని అన్నాడు: "ఊర్లో అది నేదు గదా బాబూ. ఏళ్లైపోనాది ఎల్లి."

పిల్ల మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"అది నేకపోయినా వచ్చినాది."

"వచ్చింది."

"ఈ పలక అప్పుడుండీది కాదా?"

"లేదు."

అరచేతులు తిప్పి చూసుకున్నాడు. వెనక్కి విరిచి పట్టుకున్న చేతులు అవే. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. పిల్లని పిలిచి ఎత్తుకుని ఊరికి వెళ్లాడు.

పంట కోతలయ్యాక మళ్లీ వచ్చాడు. అదే నేను అతన్ని ఆఖరిసారి చూడటం. పిల్లని తీసుకుని బస్సులు మారి పార్వతీపురం వెళ్లొచ్చాడట. వదిన ఎక్కడుందో అడుగుతూ పోతే మార్కెట్టు దగ్గర ఒక షెడ్డులో దొరికిందట. చింతపండు పిక్క తీసే ఆడవాళ్లలో చివర, అందరికీ కాస్త ఎడంగా కూర్చుని ఉంది. అతన్ని చూసి పారిపోలేదు, తిట్టలేదు. లేచి నిలబడి, కూచో మరిదీ అని తన గోనెపట్టా అతనికి వేసింది.

"కాళ్ల మీద పడ్డాను బాబూ. నీ తప్పేటీ నేదు వదినా, దోమ వల్ల వచ్చినాదది, నాను సూసినాను, గీతలు సూసినాను అని సెప్పినాను. గుంటని ముందుకి తోసి, సూడు, ఇది బతికినాది, సూడు అన్నాను."

"ఏమంది?"

"గోడెంపు తిరిగిపోనాది. కొంగు మొకం మీదకి లాక్కుంది. తీసుకెల్లిపో మరిదీ, నా కళ్లు దాని మీద పడకూడదు అంటాది. ఊరందరూ ఒక్కమాటే అన్నారు గదా మరిదీ, నువ్వు కూడా అన్నావు, నువ్వు ఊరికే ఏదీ అనవు, ముగ్గుర్ని అడక్కుండా అనవు, నాకు తెల్కుండా నాలో ఏదో ఉండే ఉంటాది అంటాది. ఇక్కడ కూడా ఎవులి పిల్లల్నీ ఎత్తుకోదట. ఆ షెడ్డులో ఆడోళ్లు సెప్పినారు."

నేను ఆమె రక్తంలో చూసిన ఉంగరాలు నా కళ్ల ముందు తిరిగాయి. ఆ మాట అతనితో అనలేదు. ఎలా చెప్పినా అతని చెవికి అది వేరే మాటగానే చేరేది.

"అది నమ్మీసినాది బాబూ" అన్నాడు. "నాను ఒగ్గీసినాను. అది పట్టుకుంది. పొద్దు గుంకీదాకా సెప్పినాను, ఒగ్గనేదు."

పిల్ల ఆస్పత్రి ముందు మట్టిలో గీతలు గీసి ఒంటికాలితో గెంతుతోంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్ల ఏమైనా అడిగిందా అన్నాను.

"అడిగినాది. పెద్దమ్మ నన్ను ఏల సూడ్నేదు అని."

"ఏం చెప్పావు?"

పిల్ల వైపే చూస్తూ అన్నాడు: "పెద్దమ్మకి కళ్లకలకొచ్చినాదమ్మా, మనిషిని సూడకూడదు అని సెప్పాను."

"నమ్మిందా?"

"సిన్నపిల్ల గదా బాబూ. ఇంకెవుల్నీ అడగనేదు. నమ్మీసినాది."